ఎండకు కమిలిన ముఖమును బాగుచేసుకొనవచ్చునా?



ఈ సంచికలో ఒక చిన్న ప్రశ్నను మీ ముందు ఉంచాలని ఆశిస్తున్నాను. చిన్నదని మొదట నేనే అనుకున్నాను. ఒక సహోదరి నన్ను అడిగింది. నేను తొందరపడి జవాబు చెప్పాను. ఆ జవాబులో సగం తప్పు ఉన్నదని తరువాత గ్రహించాను. నా తప్పును దిద్దుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

బళ్లారి వైపు ఎండ ఎలా ఉంటుందో ఆ ప్రాంతపు వారికి వేరుగా చెప్పనక్కరలేదు. మా సంఘములో ఒక సహోదరి ముప్పది ఏండ్లుగా మార్కెట్టు రోడ్డు ప్రక్కన గోనెపట్టా పరచుకొని ఆకుకూరలు అమ్ముతున్నది. ఇక్కడివారు సొప్పు అంటారు, ఆమె కూడా అలాగే కేక వేస్తుంది. తెల్లవారకముందే కట్టలు తెచ్చుకొని, మధ్యాహ్నం దాటేవరకు ఆ ఎండలోనే కూర్చుంటుంది. భర్త చనిపోయిన తరువాత ఆ కట్టలమీదనే కుమారుని చదివించింది. ఇప్పుడు అతనికి బెంగళూరులో మంచి ఉద్యోగం దొరికింది, వివాహం కుదిరింది. పెండ్లికూతురి వారు కలిగినవారు. కుమారుడు తల్లిని ప్రేమించేవాడే. "అమ్మా, నీ మొగం మీద ఈ నల్ల మచ్చలు లేజర్ పెట్టించుకుంటే పోతాయట. డబ్బు నేను కడతాను. పెండ్లి ఫోటోలలో బాగుంటుంది" అన్నాడు.

ఆదివారం ఆరాధన అయిన తరువాత ఆమె నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఈ మచ్చలు తీయించుకుంటే పాపమా?" అని అడిగింది.

నేను ఆలోచించకుండానే, "అమ్మా, అది దేవుడిచ్చిన ముఖము. మనుష్యులు పైరూపమును చూస్తారు గాని దేవుడు హృదయమును చూస్తాడు. ఆ డబ్బు ఇంకొక మంచి పనికి వాడండి" అన్నాను.

ఆమె తల ఊపింది. వెళ్లబోతూ ఆగి, "దేవుడిచ్చిన మొగం ఇది కాదు అయ్యగారూ. ఇది ఎండ ఇచ్చిన మొగం. దేవుడిచ్చిన మొగం నా పెండ్లి ఫోటోలో ఉంది" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నాకు శుక్లం ఆపరేషన్ అయిన రెండు సంవత్సరాలకు మళ్లీ చూపు మసకబారితే, కంటి డాక్టరు లోపలి పొరను లేజరుతోనే తొలగించాడు. ఐదు నిమిషాల పని. అది పాపమా అని నేను ఏ పెద్దనూ అడగలేదు. దేవునికి స్తోత్రం చెప్పి ఇంటికి వచ్చాను. కంటికి ఒక న్యాయము, ముఖమునకు ఒక న్యాయమా? చూపు వేరు, అందం వేరు అనవచ్చు. ఆ తేడా నిజమే. అయినా ఆ తేడా ఎంతవరకు నిలుస్తుందో చూడాలి గదా! అందుచేత తెలిసిన డాక్టరు దగ్గర కూర్చొని అడిగి, కొంత చదివి, వాక్యమును మరల ధ్యానించాను.

ముందుగా ఎండ ఏమి చేస్తుందో చూద్దాము. సూర్యకాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలున్నాయి. వాటిలో ఒక రకము చర్మము పై పొరను కాల్చుతుంది. ఇది మధ్యాహ్నపు వేళ ఎక్కువ. మరొక రకము లోపలి పొరవరకు దిగి, చర్మమును బిగువుగా ఉంచే కొల్లాజెన్, ఎలాస్టిన్ అను పోగులను సంవత్సరాల తరబడి పాడుచేస్తుంది. చర్మం తనను తాను కాపాడుకొనుటకు మెలనిన్ అనే నల్లని రంగును తయారుచేస్తుంది. అనగా మన నలుపు లోపము కాదు, దేవుడు మన చర్మములోనే వేసిన గొడుగు. ఆ గొడుగు ఉండుటవల్లనే తెల్లవారికి త్వరగా వచ్చే ముడుతలు, చర్మపు క్యాన్సరులు మనవారిలో తక్కువ. అయితే మనకు ముడుతలకంటె ముందుగా మచ్చలు వస్తాయి, రంగు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. బుగ్గలమీద వచ్చే మంగు కూడా ఎండకు ముదురుతుంది.

ఇక లేజర్ సంగతి. ఒకే రంగు కాంతిని ఒకే దిక్కుకు కూర్చి పంపే యంత్రము అది. మొదటి లేజరును 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ అనే శాస్త్రజ్ఞుడు కెంపు కడ్డీతో పనిచేయించి చూపాడు. 1964లో కార్బన్ డయాక్సైడ్ లేజరును కనిపెట్టినది మన దేశములో పుట్టినవాడే. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పూనా ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన కుమార్ పటేల్. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆ పని చేశాడు. మహారాష్ట్రలో ఉన్న మన సంఘాలవారు తమ పిల్లలకు ఈ సంగతి చెప్పవచ్చు. 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక సూత్రము చెప్పారు. సరియైన రంగు కాంతిని, సరియైనంత తక్కువ సమయములో పంపితే, చుట్టూ ఉన్న చర్మము కాలకముందే మచ్చలోని రంగు మాత్రమే పగులుతుంది అని. ఈనాటి మచ్చల చికిత్సకు పునాది ఇదే. 2004 నుండి మరొక పద్ధతి వచ్చింది. చర్మమంతటినీ కాల్చక, సూది మొనలవంటి సన్నని చుక్కలుగా కాల్చి, మధ్య మధ్య మంచి చర్మమును విడిచిపెడతారు. విడిచిన చర్మము గాయపడిన దానిని త్వరగా మాన్పుతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. లేజర్ చర్మమును బాగుచేయదు, కొలతగా గాయపరుస్తుంది. బాగుచేయునది ఆ గాయమును మాన్పుకొనే శరీరము. అందువల్లనే మనవంటి రంగువారికి అది రెండు వైపులా పదునున్న కత్తి. మచ్చలోని రంగును వెదకే కాంతికి మన చర్మములోని రంగు కూడా కనబడుతుంది. శక్తి ఎక్కువైతే, లేక చేయువానికి అనుభవము తక్కువైతే, పోవలసిన మచ్చ స్థానములో అంతకంటె నల్లని మచ్చ మిగులుతుంది. మంగు అయితే తగ్గినట్టే తగ్గి మరల వస్తుంది, కొందరికి లేజర్ వలన పెరుగుతుంది కూడ. తెలిసిన డాక్టర్లు మన చర్మమునకు తగిన యంత్రమును ఎన్నుకొని, చిన్నచోట పరీక్షించి, తక్కువ శక్తితో, నెలల వ్యవధిలో పలుమార్లు చేస్తారు. ప్రతిసారి వేల రూపాయలు అవుతాయి. అన్నిటికంటె ముఖ్యమైన షరతు ఒకటి ఉంది: చికిత్స తరువాత వారాల తరబడి ఎండలోనికి పోకూడదు.

ఈ షరతు విన్నప్పుడు నేను కొంచెంసేపు మాటలేక కూర్చున్నాను. ఎండవలన కలిగిన హానికి చికిత్స, ఎండను విడిచిపెట్టగలిగినవారికే పనిచేస్తుంది. రేపు ఉదయము మరల గోనెపట్టా పరచుకొనవలసినవారికి అది పనిచేయదు. డబ్బు ఎవరైనా ఇవ్వవచ్చును గాని నీడ ఎవరిస్తారు?

ఇప్పుడు వాక్యము చెప్పే మాటకు వద్దాము. పరమగీతము మొదటి అధ్యాయములో ఒక యువతి తన నలుపును గూర్చి మాట్లాడుతుంది. తనను వింతగా చూడవద్దని యెరూషలేము స్త్రీలను కోరుతుంది. ఎండ తనను కమిలించినదని చెప్పి అంతటితో ఆగదు. తన సహోదరులు తనమీద కోపించి ద్రాక్షతోటలకు తనను కావలి పెట్టారని, అందుచేత తన స్వంత తోటను చూచుకొనలేకపోయానని చెబుతుంది. ఎన్నిసార్లు ఈ భాగము చదివినా ఆ సంగతి నేను గమనించలేదు. ఆమె సూర్యుని నిందించలేదు. తనను ఎండలో నిలిపినవారు ఎవరో చెప్పింది. తాను అందముగలదాననని కూడా చెప్పుకొన్నది. నలుపులో సిగ్గు లేదు. ఇతరుల తోట కొరకు తన తోటను పోగొట్టుకొనుటలో దుఃఖమున్నది.

మరొక భాగము సంఖ్యాకాండము 12వ అధ్యాయము. మోషే కూషు దేశపు స్త్రీని చేసుకొన్నందుకు మిర్యాము అతనికి విరోధముగా మాట్లాడింది. అప్పుడు ఆమె చర్మము కుష్ఠుతో మంచువలె తెల్లబడింది. ఆ భాగములో తెలుపు ఆశీర్వాదము కాదు, వ్యాధి. తెలుపంటే పవిత్రత, నలుపంటే పాపము అని మన పిల్లలకు బొమ్మలలో చూపించేటప్పుడు ఈ అధ్యాయమును మరచిపోతున్నాము.

అయితే చర్మమును బాగుచేసుకొనకూడదా? మార్కు సువార్త మొదటి అధ్యాయములో కుష్ఠరోగి ప్రభువు దగ్గరకు వచ్చినప్పుడు, పైరూపముతో నీకేమి పని అని ప్రభువు అనలేదు. చెయ్యి చాపి ముట్టి, అతనిని శుద్ధుని చేసి, యాజకునికి కనబరచుకొమ్మని పంపాడు. చర్మమును చూచి ఊరినుండి వెలివేసే కాలములో ఆ చర్మమును బాగుచేయుట, అతనిని ఊరిలోనికి మరల చేర్చుట. చర్మము చిన్న సంగతి అని చెప్పగలవాడు, చర్మము వలన ఎన్నడూ అవమానపడనివాడే.

అయితే తిరిగి లేచిన ప్రభువు తన చేతుల గాయముల గుర్తులను తీసివేసుకొనలేదు. తోమాకు వాటినే చూపించాడు. పౌలు కూడా తన శరీరముమీది గుర్తులను యేసుకు చెందిన గుర్తులుగా గలతీయులకు చెప్పాడు. ప్రేమించినందుకు పొందిన గాయము, తీసివేయవలసిన మచ్చ కాదు. ఆ సహోదరి ముఖముమీది మచ్చలు కూడా ఒక కుమారుని చదివించిన మచ్చలే గదా. అందుచేత, "అమ్మా, అవి నీ మహిమ, ఉంచుకో" అని చెప్పవచ్చునా?

ఇక్కడే నేను తప్పిపోయాను. తన గాయములు తన మహిమ అని చెప్పుటకు గాయపడినవారికి హక్కు ఉన్నది. ప్రభువు తన గాయములను తానే చూపించాడు. పౌలు తన గుర్తులను గూర్చి తానే చెప్పాడు. ఫ్యాను క్రింద కూర్చొని, ఎండలో కూర్చున్న ఆమెతో నీ మచ్చలు మహిమ అని చెప్పుటకు నాకు హక్కు లేదు. అది నాకు ఖర్చులేని ఉపదేశము. అలాగే, ఆ మచ్చలు సిగ్గుచేటు, తీసివేసుకో అని చెప్పుటకు కుమారునికిగాని, వియ్యాలవారికిగాని, ఫోటోగ్రాఫరుకుగాని హక్కు లేదు. ఇద్దరమూ ఆమె ముఖమును ఆమె చేతిలోనుండి తీసుకొన్నాము. నేను భక్తి పేరుతో, కుమారుడు ప్రేమ పేరుతో.

కాబట్టి ఈ విషయములో మూడు సంగతులను వేరుచేసి చూడాలని నాకు తోచింది.

మొదటిది, వ్యాధి. పెరిగే మచ్చ, రంగు మారే మచ్చ, రక్తము వచ్చే పుండు, మానని పొక్కు ఉంటే ప్రార్థన చేసి ఊరుకొనక చర్మ డాక్టరుకు చూపించాలి. ఇందులో ధర్మసందేహము ఏమీ లేదు.

రెండవది, స్వంత కోరిక. అప్పు చేయకుండా, ఇంటివారి అన్నము తగ్గించకుండా, లాభనష్టములు డాక్టరు దగ్గర విని తెలుసుకొని ఒక సహోదరి తన ముఖమును కొంత బాగుచేసుకొన్నయెడల అది పాపమని నేను చెప్పలేను. తలకు రంగు వేసుకొనే సంఘపెద్దలను, పండ్లు కట్టించుకొనే కాపరులను మనము ప్రశ్నించలేదు. అయితే ఆ కోరిక మనలను ఎంతవరకు ఏలుతున్నదో ఎవరికి వారు పరీక్షించుకొనాలి. ఒక మచ్చ పోయిన తరువాత మరొక మచ్చను వెదికే కన్ను ఎన్నటికీ తృప్తిపడదు.

మూడవది, ఇతరులు మోపిన సిగ్గు. దీనికి లేజరులో మందు లేదు. మచ్చ ఆమె ముఖముమీద ఉన్నదిగాని రోగము చూచేవారి కన్నులలో ఉన్నది. ఆ కన్నులు మనవే. మన సంఘములలో వివాహ ప్రకటనలు వ్రాసేటప్పుడు తెల్లని వధువు కావలెను అని వ్రాయించేది ఎవరు? పసిబిడ్డను చూడబోయి మొదట రంగు అడిగేది ఎవరు? 1975 నుండి మన దేశములో అమ్ముడుపోయిన ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోని ఫెయిర్ అనే మాటను 2020లో తీసివేసుకొన్నది. ఒక వ్యాపార సంస్థ తీసివేసుకొన్న మాటను క్రీస్తు సంఘము ఇంకా నోట ఉంచుకొనుట మనకు తగునా?

ఈ సిగ్గు వలననే మన ఆడపిల్లలు మందుల షాపులో డాక్టరు చీటి లేకుండా స్టెరాయిడ్ కలిసిన క్రీములు కొని నెలల తరబడి రాసుకొంటున్నారు. మొదట తెల్లబడినట్టు ఉంటుంది. తరువాత చర్మము పలచబడి, ఎర్రబడి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానివేస్తే మరింత మండుతుంది. ఇటువంటి క్రీములలో 14 రకముల స్టెరాయిడ్లను చీటి లేకుండా అమ్మకూడదని ప్రభుత్వము 2018లో ఉత్తర్వు చేసింది. తల్లులు దయచేసి ఈ సంగతి గమనించండి.

మన సంఘముల పుట్టుకను ఒకసారి జ్ఞాపకము చేసుకొందాము. 1876 నుండి 1878 వరకు గొప్ప కరవు వచ్చినప్పుడు, ఒంగోలులో ఉన్న క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును కంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్న వేలాదిమందికి పని కల్పించారు. పని కొరకు మతములో చేరారనే మాట రాకూడదని, కరవు కాలములో బాప్తిస్మములు ఆపివేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మము పొందారు. నీళ్లలో దిగిన ఆ మనుష్యులలో ఎండకు కమలని వీపు ఎన్ని ఉండి ఉంటాయి? బాప్తిస్మము వారి వీపుల రంగును మార్చలేదు. ఆ వీపులను చూచే చూపును మార్చుటకు అది ఇయ్యబడింది. వారి మనుమలము, మునిమనుమలము మనము. రైలు పట్టాల పనికి, గనులకు, మిల్లులకు, మునిసిపాలిటీ పనులకు కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ దేశములకు వచ్చి స్థిరపడ్డాము. మన గుడి గోడలకున్న పాత ఫోటోలలో ఏ ముఖమును లేజరుతో తుడవాలి?

అయినా ఆ ముఖములను చూచి గర్వపడుట చాలదు. ప్రకటన గ్రంథము 7వ అధ్యాయములో దేవుని సింహాసనము ఎదుట ఉన్నవారికి ఇయ్యబడిన వాగ్దానములలో ఒకటి, వారికి ఎండ దెబ్బ ఇక తగలదు అనునది. పరలోకమును గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు దేవుడు నీడను గూర్చి చెప్పాడు. కాయకష్టము చేసే ప్రజల దేవుడు గనుక అలా చెప్పాడని నా నమ్మకము. పరలోకములో ఇయ్యబడే నీడలో కొంచెమైనా ఈ లోకములో మనము ఇయ్యవద్దా? మన సభలలో పందిరి క్రింద కుర్చీలు ఎవరికి వేస్తున్నాము, పందిరి బయట ఎండలో ఎవరు నిలబడుతున్నారు? ఈ సంవత్సరపు కూటములలో ఒకసారి చూడండి.

తరువాతి వారము ఆ సహోదరి ఇంటికి వెళ్లి, "అమ్మా, ఆదివారము నేను మీతో చెప్పిన మాట తప్పు. నన్ను క్షమించండి" అన్నాను. ఆమె నవ్వి కాఫీ ఇచ్చింది. అప్పటికే కుమారుడు ఆమెను చర్మ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాడు. అవి ప్రమాదమైన మచ్చలు కావని, పెండ్లికి ఐదు వారములే ఉన్నందున ఇప్పుడు లేజర్ పెడితే ముఖము ఇంకా నల్లబడవచ్చునని, చేయించుకోదలిస్తే ఎండాకాలము పోయిన తరువాత, ఎండకు పోకుండా ఉండగలిగితేనే రమ్మని డాక్టరు నిజాయితీగా చెప్పాడట.

ఆమె ఉన్న ముఖముతోనే పెండ్లిలో నిలబడింది. ఫోటోలు వచ్చాయి. నేను చూశాను. కుమారుడు ఆమె భుజముమీద చెయ్యి వేసి ఉన్నాడు. వచ్చే కార్తీకములో చికిత్స చేయించుకొంటుందో లేదో ఆమె ఇంకా నిశ్చయించుకొనలేదు. నన్ను మరల అడగలేదు, నేనూ చెప్పలేదు. అది ఆమె చూచుకొనవలసిన తోట.

అయితే మన యౌవనుల సమాజమువారు రెండు వందల రూపాయల చొప్పున చందా వేసుకొని ఆ మార్కెట్టు రోడ్డున ఆమెకు ఒక పెద్ద గొడుగు పాతారు. దాని నీడలో ఇప్పుడు ఆమెతోపాటు నిమ్మకాయలు అమ్మే ముస్లిము అవ్వ ఒకామె కూడా కూర్చుంటున్నది. మీ ఊరిలో ఎండలో కూర్చున్నవారు ఎవరో మీకే తెలుసు.

ప్రభువు కృప మీకందరికి తోడై యుండునుగాక. ఆమేన్.